పూనకం అంటే ట్రాన్స్ కాదు మహాప్రభో!

మొన్నామధ్య ఓ మిత్రుడు ఫోన్ చేశాడు. పిల్లల మానసిక సమస్యల మీద పనిచేసే ఓ సంస్థకి యాప్ చేస్తున్నాడట. "ఇరవై ప్రశ్నలేరా, తెలుగులోకి మార్చిపడేస్తే చాలు. స్ట్రింగ్స్ ఫైలే కదా" అన్నాడు. నేనూ బుద్ధిలేక సరేనన్నా.

ఆ ఇరవై ప్రశ్నలు అమెరికన్ సైకియాట్రిస్టు ఫ్రాంక్ పట్నం తయారుచేసిన చైల్డ్ డిసోసియేటివ్ చెక్‌లిస్ట్. దారుణమైన హింస అనుభవించిన పిల్లలు కొందరు మనిషి ఇక్కడే ఉన్నా మనసుతో ఎటో వెళ్ళిపోతారు, జరిగింది గుర్తుండదు. అదీ డిసోసియేషన్. గత ఏడాదిలో చూసినదాన్ని బట్టి అమ్మానాన్నలు ఒక్కో ప్రశ్నకీ 0, 1, 2 వేస్తారు. మొత్తం 40కి 12 గానీ ఆపైన గానీ వస్తే నిపుణులు చూడాలి. అంతేగానీ జబ్బు ఉందని తేలిపోయినట్టు కాదు.

"ట్రాన్స్"కి "పూనకం" అని రాశా. ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారిస్తే ట్రాన్స్ అనే వచ్చింది. అందరూ శభాష్ అన్నారు. మా అమ్మకి చూపిస్తే, "పసిపిల్లలకి పూనకమేంట్రా, జాతరలో కదా వచ్చేది?" అంది. అంటే క్లాసులో శూన్యంలోకి చూస్తూ కూర్చునే పిల్లకి సున్నా, అమ్మవారి జాతరలో ఊగిన పిల్లకి రెండు!

ఇంకోటి. వేరే పేరుతో పిలవమని పట్టుబడతాడా అని ఓ ప్రశ్న. బడిలో ఒక పేరు, ఇంట్లో చిన్నూ, బుజ్జీ ఉండే మన ఇళ్ళలో దానికేం జవాబు చెప్తారు?

ఇదంతా చెప్తే, "క్రాన్‌బాక్ ఆల్ఫా బాగా వస్తే చాలు" అన్నారు. ఆల్ఫా చెప్పేది ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసిగాయనే. అవి కొలుస్తున్నది డిసోసియేషనో కాదో అది చెప్పదు. టెస్టులన్నీ పాసై రిక్వైర్‌మెంటే తప్పయిన ప్రాజెక్టులు మనం చూడలేదా?

తల్లుల పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా ఏమర్థమైందో అడగాలి. కొన్నాళ్ళకి మళ్ళీ నింపించి చూడాలి. ఈ స్కోరు తెలియని నిపుణులు అదే పిల్లల్ని విడిగా పరీక్షించాలి. అమెరికా పిల్లల మీద తేల్చిన ఆ 12 మన పిల్లలకి సరిపోతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. దీనికి నెలలు పడుతుంది, డబ్బవుతుంది. తెలుసు.

"ముందు రిలీజ్ చేద్దాం, తర్వాత సరిచేద్దాం" అన్నాడు మావాడు. బటన్ రంగు తప్పైతే ప్యాచ్ వేద్దువుగాని నాయనా. ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లకి నీ యాప్ "ఏమీ లేదు" అని చెప్పి అదే ఇంటికి పంపిస్తే, దానికి ఏ ప్యాచ్ వేస్తావు?

నేనైతే ఫైలు ఇవ్వలేదు.