మెనో ఇంటి బానిస కుర్రాడు, ఒక చతురస్రం (6వ భాగం)

పోయిన వారం భాగం చదివి ఒక డిగ్రీ చెల్లెలు ఇన్‌బాక్స్‌లో అడిగింది: "అన్నా, గ్రీకుల లెక్కలతో మనకేం పని? వాళ్ళూ బానిసల్ని పెట్టుకున్నవాళ్ళే కదా?" న్యాయమైన ప్రశ్న. రెండు లైన్లలో జవాబు కొట్టబోయి ఆగిపోయాను.

ముందు ఆమె మాట ఒప్పుకుందాం. ఏథెన్స్ వైభవానికి వెండి ఇచ్చిన లారియం గనుల్లో తవ్వింది బానిసలే. అరిస్టాటిల్ బానిసను ప్రాణమున్న పనిముట్టు అన్నాడు. కొందరు పుట్టుకతోనే బానిసత్వానికి తగినవాళ్ళని "పాలిటిక్స్"లో వాదించాడు. మనువుకు దూరపు చుట్టమే. కాబట్టి ఎవరి ఫొటోకీ దండ వేయడానికి రాయడం లేదు.

అయితే ఆ అరిస్టాటిల్ గురువు ప్లేటో రాసిన "మెనో" అనే సంభాషణలో ఒక చోట నేను ప్రతిసారీ ఆగిపోతాను. మెనో థెస్సలీ నుంచి ఏథెన్స్ వచ్చిన కలవారి బిడ్డ. వెంట బానిసల గుంపు. ఆ గుంపులోంచి ఎవరో ఒకర్ని పిలవమంటాడు సోక్రటీస్. ఒక కుర్రాడు వస్తాడు. వాడి గురించి సోక్రటీస్ అడిగేది ఒక్కటే, గ్రీకు మాట్లాడతాడా అని. మా ఇంట్లోనే పుట్టాడు, మాట్లాడతాడు అంటాడు మెనో. అంతే, పాఠం మొదలు. (తెలుగు మీడియంలో చదివొచ్చి ఇంజనీరింగ్ మొదటి ఏడాదంతా నోరు మెదపలేకపోయిన తమ్ముళ్ళూ, ఈ ముక్క మళ్ళీ ఒకసారి చదవండి. పాఠానికి కావలసింది వాడికి అర్థమయ్యే భాష.)

సోక్రటీస్ నేల మీద చతురస్రం గీస్తాడు. భుజం 2 అడుగులు, వైశాల్యం 4. దీనికి రెట్టింపు, అంటే 8 చదరపు అడుగుల చతురస్రం కావాలి, భుజం ఎంత ఉండాలి? కుర్రాడు తడుముకోకుండా 4 అంటాడు. గీసి చూస్తే వైశాల్యం 16 వచ్చింది. అయితే 3 అంటాడు. అదీ గీస్తే 9. ఇక నాకు తెలియదు అంటాడు.

ఇక్కడ ఎవరూ వాణ్ని కొట్టలేదు. సోక్రటీస్ మెనో వైపు తిరిగి, ఇందాక తెలియకపోయినా తెలుసనుకున్నాడు, ఇప్పుడు తెలియదని తెలుసుకున్నాడు, ఇది ముందడుగే కదా అంటాడు. నా తొమ్మిదో తరగతిలో ముందు బెంచీ పిల్లాడు తప్పు చెబితే "తొందరపడ్డావురా" అనేవారు. అదే తప్పు వెనక బెంచీ నుంచి వస్తే "మీకు లెక్కలెక్కవులే" అనేవారు. తప్పు ఒకటే, బెంచీలు వేరు.

తర్వాత సోక్రటీస్ 16 చదరపు అడుగుల పెద్ద చతురస్రాన్ని నాలుగు గదులుగా చేసి, ఒక్కో గదిని మూల నుంచి మూలకు కోస్తూ గీత గీస్తాడు. ప్రతి గదిలో సగం లోపల, సగం బయట. నాలుగు సగాలు కలిస్తే 8. మొదటి చతురస్రం కర్ణమే కొత్తదానికి భుజమని కుర్రాడే గుర్తుపడతాడు. దాన్ని కర్ణం అంటారని పేరు మాత్రం సోక్రటీస్ చెబుతాడు.

వీణ్ని ఇలాగే పదేపదే, రకరకాలుగా అడుగుతూ పోతే చివరికి ఎవరికీ తీసిపోనంత కచ్చితంగా ఈ విద్య తెలుసుకుంటాడని సోక్రటీస్ అంటాడు. ఒక బానిస గురించి, వాడి యజమాని ముఖం మీద! ఇది ఆత్మ పూర్వజన్మలో నేర్చినది గుర్తు తెచ్చుకోవడమే అని ఆయన వివరణ. పూర్వజన్మ అనగానే మనకు ఒళ్ళు మండుతుంది. నువ్వు ఈ వాడలో ఎందుకు పుట్టావో చెప్పడానికి మన దగ్గర ఆ మాట పనికొచ్చింది. అక్కడ బానిసలో కూడా అంతా ఉందని చెప్పడానికి వాడారు. రెండింటినీ నేను నమ్మను. కానీ ఒకే కట్టుకథ ఒక చోట తలుపు మూయడానికి, ఇంకో చోట తెరవడానికి వాడుకోవడం గమనించండి.

కుర్రాడు సరైన జవాబు చెప్పాక ఏమైంది? ఏమీ కాలేదు. పెద్దలు మళ్ళీ సద్గుణం గురించి మాట్లాడుకున్నారు. వాణ్ని విడిచిపెట్టమని సోక్రటీస్ అడగలేదు. నాకు గ్రీకుల మీద ఉన్న కోపమంతా ఇక్కడే.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో కేంద్ర మంత్రి ఒకాయన పైథాగరస్ సిద్ధాంతం మనదే, పేరు గ్రీకులకిచ్చేశాం అన్నారు. బౌధాయన శుల్బసూత్రంలో ఈ విషయం ఉన్న మాట నిజం. చతురస్రం కర్ణం మీద తాడు లాగితే రెట్టింపు నేల వస్తుందని కూడా ఉంది, అంటే ఆ కుర్రాడి లెక్కే. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న బాబిలోనియా మట్టిపలక ఇంకా పాతది. దాని మీద కర్ణానికీ భుజానికీ ఉన్న నిష్పత్తి దశాంశం తర్వాత 5 అంకెల దాకా సరిగ్గా ఉంది. ఎవరు ముందు అన్నది మన తగాదా కాదు. శుల్బసూత్రం యజ్ఞవేదికకు ఇటుకలు పేర్చే విధి. ఆ పాఠం వినే హక్కు ఎవరికి ఉండేదన్నది నా ప్రశ్న. గొప్పలు చెప్పే మంత్రులు దాని జోలికి రారు.

గ్రీకుల నుంచి ప్రపంచానికి మిగిలింది జవాబు కన్నా రుజువు. క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ రాసిన "ఎలిమెంట్స్" 13 భాగాలు. ఐదు స్వీకృతాలు, కొన్ని నిర్వచనాలు ముందే బల్ల మీద పెట్టి, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. పెద్దలన్నారు కాబట్టి అనే మెట్టు అందులో లేదు. ఆ పుస్తకం అరబిక్‌లోకి, 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళింది. 1482లో వెనిస్‌లో అచ్చయింది. సంస్కృతంలోకి 18వ శతాబ్దంలో జైసింగ్ ఆస్థానంలో జగన్నాథుడు తెచ్చాడు, అదీ అరబిక్ నుంచి.

రుజువు మనకెందుకో మా తాత బతుకు చెబుతుంది. జామెట్రీ అంటే గ్రీకులో భూమి కొలత. మా ఊళ్ళో కొలత కరణం చేతిలో ఉండేది. గొలుసు లాగింది వెట్టివాడైన మా తాత, అంకె రాసింది కరణం. ఎకరాలెన్నో సెంట్లెన్నో ఆయన ఏం రాస్తే అదే. 1984లో కరణాల వ్యవస్థ పోయింది. తాత కాళ్ళకు తెలిసిన ఆ పొలాల కొలత ఏ కాగితంలోనూ సరిచూసుకోవడానికి ఆయనకు అక్షరం లేదు.

యూక్లిడ్ మీద రెండు కథలున్నాయి. దగ్గరి దారి అడిగిన టాలమీ రాజుతో, జామెట్రీకి రాజమార్గం లేదన్నాడట. ఆ కథ నాకిష్టం. రెండోది, నేర్చుకుంటే నాకేమొస్తుందని ఒక శిష్యుడు అడిగితే, వీడికి లాభం కావాలట, మూడు ఒబోల్‌లు ఇచ్చి పంపమని పనివాణ్ని పిలిచాడట. మాస్టార్లు దీన్ని నవ్వుతూ చెబుతారు. నాకు నవ్వు రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందా అని చూసే పిల్ల "దీంతో ఏమొస్తుంది" అని అడిగితే అది ఎగతాళి చేసే ప్రశ్న కాదు. పైగా ఆ నాణేలు తెచ్చిన పనివాడు కూడా బానిసే అయ్యుంటాడు. వాడికి పాఠం ఎవరు చెప్పారు?

లింకన్ అమెరికా కాంగ్రెస్‌లో పనిచేశాక యూక్లిడ్ ఆరు భాగాలు పట్టుబట్టి నేర్చుకున్నాడు. 1854 ప్రాంతంలో రాసిందనుకునే ఒక చిన్న కాగితంలో బానిసత్వాన్ని అచ్చం సిద్ధాంతంలా విప్పుతాడు. రంగును బట్టి బానిసను చేసుకోవచ్చంటే, నీకన్నా తెల్లగా ఉన్నవాడు ఎదురైన రోజు నువ్వూ బానిసవే. తెలివిని బట్టి అన్నా అంతే. 1936 నాటి "కుల నిర్మూలన"లో బాబాసాహెబ్ అవతలివాళ్ళ వాదాన్ని ఒక్కొక్కటే తీసుకుని, అది ఒప్పుకుంటే ఎక్కడికి చేరతామో చూపిస్తారు. కులమంటే శ్రమ విభజన అన్నవాళ్ళకు, కాదు శ్రామికుల విభజన అని తేల్చిన తీరు చూడండి. ఆయన యూక్లిడ్‌ని చూసి రాశారని నేననను. ఆ కత్తి మన చేతికీ అలవాటు కావాలంటున్నాను.

పోయిన నెల ఒక హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో నేల మీద ఆ చతురస్రం గీయించాను. వాళ్ళూ ముందు 4 అన్నారు, తర్వాత 3 అన్నారు. గంటన్నర పట్టింది. ఒక అమ్మాయి సుద్దముక్కతో మూల నుంచి మూలకు గీత గీసి, లేచి లంగాకంటిన దుమ్ము దులుపుకుంటూ అడిగింది: "ఆ పిల్లోడి పేరేంటి సార్?"

ప్లేటో రాయలేదమ్మా అన్నాను.

వచ్చే ఆదివారం హైపేషియా గురించి రాస్తాను.