స్పిరిటు అని వ్రాసిన సీసా

ఆకులో పిండిపదార్థము కలదని నిరూపించు ప్రయోగమును మన పాఠశాలలో చదివిన వారెల్లరును చూచియే యుందురు. ఆకును మొదట నీటిలో ఉడికింతురు. పిమ్మట స్పిరిటులో నుంచి దాని పచ్చదనమును తీసివేయుదురు. వెలవెలబోయిన ఆ యాకుపై అయొడిను చుక్కలు పడగానే అది నీలముతో కూడిన నలుపు రంగు దాల్చును. పిల్లలకు ఆ నలుపే జ్ఞాపకముండును. తలిదండ్రులలో పలువురకు సైతము ఉండవచ్చును. అయితే నడుమ నుపయోగించిన ఆ నీటివంటి ద్రవమేమని అడిగినచో స్పిరిటు అని చెప్పి ఊరకుందురు. ఏ స్పిరిటు అని మరల అడిగినచో పిల్లలే కాదు, మాబోటి ఉపాధ్యాయులును ఒక్కొకప్పుడు తడబడుదురు. ఆ తడబాటు చిన్నది కాదని మా యభిప్రాయము.

స్పిరిటు అనునది ఒక పదార్థము పేరు కాదు, ఒక కుటుంబము పేరు. ఆ కుటుంబమున మనకు తరచుగా ఎదురగువారు ముగ్గురు. మొదటిది ఎథనాలు, మద్యములలోని మత్తు దీనిదే. రెండవది ఐసోప్రొపైలు ఆల్కహాలు. చేతులు శుభ్రపరచుకొను ద్రవములలోను, సూదిమందు వేయుటకు ముందు చర్మమును తుడుచు దూదిలోను ఇది కానవచ్చును. మూడవది మెథనాలు. పూర్వము కట్టెలను గాలి చొరని పాత్రలలో కాల్చి దీనిని తీసెడివారు గావున దీనికి కట్టెస్పిరిటు అను పేరు కలిగినది. 1834 లో ఫ్రాన్సుదేశపు రసాయనవేత్తలగు ద్యూమా, పెలిగోలు దీని కూర్పును నిర్ణయించి, గ్రీకుభాషలో మధువునకును కట్టెకును గల మాటలు జోడించి ఇచ్చిన పేరునుండియే నేటి మెథనాలు అను పేరు వచ్చినది. నేడు దీనిని కట్టెలనుండి గాక ఎక్కువగా సహజవాయువునుండియు, బొగ్గునుండియు కర్మాగారములలో చేయుచున్నారు. రంగులను, జిగురులను, వార్నీషులను కరిగించుటకును, ఫార్మాల్డిహైడు మొదలగువాని తయారీకిని ఇది కావలసినది. జీవశాస్త్రపు గదిలో కప్పను, పామును నిలువచేసిన ఫార్మలిను జాడీలో సైతము సామాన్యముగా కొంత మెథనాలు కలిసియే యుండును.

ఈ ముగ్గురును చూచుటకు నీటివలె స్వచ్ఛముగా నుందురు. ముగ్గురును నీటిలో కలిసిపోవుదురు. వాసనలలో భేదము కొంత యున్నను, వాసనచూచి పేరు చెప్పుదునను ధైర్యము ఎవ్వరికిని తగదు. శరీరములో ప్రవేశించిన పిమ్మటనే అసలు భేదము బయటపడును. మెథనాలును మన కాలేయము మొదట ఫార్మాల్డిహైడుగను, తరువాత ఫార్మికు ఆమ్లముగను మార్చును. ఫార్మికు ఆమ్లము చీమకుట్టులో నున్నదని పిల్లలకు పాఠములో చెప్పుచున్నాము. అదియే రక్తములో పేరుకొన్నచో కంటినరమును చెఱచును. స్వచ్ఛమైన మెథనాలు 10 మిల్లీలీటర్లే చూపు పోగొట్టుటకు చాలవచ్చును. 30 మిల్లీలీటర్లు ప్రాణము తీయవచ్చును. మోసమేమనగా, త్రాగినవానికి మొదట కొంచెము మత్తుతప్ప మరేమియు తోచకపోవచ్చును. పండ్రెండు గంటలో, ఒక దినమో గడచిన పిమ్మట కడుపునొప్పి, వాంతులు, మంచు కమ్మినట్లు చూపు మందగించుట ఆరంభమగును. అప్పటికి విషము తన పని చాలవరకు చేసియుండును.

మేము ట్రెయినింగు కాలేజీలో చదువుకొను దినములలో పాఠములు చెప్పు అభ్యాసమునకై ఒక పాఠశాలకు పంపబడితిమి. ఒకనాటి మధ్యాహ్నము, కిటికీలనుండి ఎండ బల్లలపై పడుచుండగా, స్పిరిటుదీపము ఆరిపోయినదని తలచి అటెండరు పెద్దసీసా తెచ్చి దానిలో పోసెను. దీపము ఆరలేదు. ఎండలో దాని మంట కానరాలేదు, అంతియే. అటెండరు కేకవేసి సీసాను విడిచిపెట్టెను. బల్లమీది కాగితములు ఉన్నట్టుండి నల్లబడి ముడుచుకొనిపోవుచుండెను. అతని ముంజేయి కాలుచుండగా ఎదుట నిలిచియున్న మాకు మంట కనబడలేదు. ఎవరో తడిగోనె తెచ్చి కప్పిరి. గాయము మానుటకు నెల పట్టినది. "దీపములో ఏమియు కనబడలేదు మాస్టారూ" అని అతడు పలుమారు చెప్పుచుండెను, అది నిజమే. తరువాత ఆ సీసాను పరిశీలించితిమి. దానిమీద అంటించిన కాగితముపై సిరాతో స్పిరిటు అని మాత్రము వ్రాసియుండెను. అది ఏ స్పిరిటో ఆ పాఠశాలలో ఎవ్వరును చెప్పలేకపోయిరి.

అట్టి చీటి చీటి కాదు. చీటిమీద ఏమి యుండవలెనో లోకము ఇప్పటికే నిర్ణయించుకొన్నది. దేశమునకొక గుర్తు, కర్మాగారమునకొక గుర్తు ఉండుటవలని చిక్కును తొలగించుటకై ఐక్యరాజ్యసమితి 2003 లో రసాయనముల అపాయములను లోకమంతట ఏకరీతిని వర్గీకరించు పద్ధతిని ప్రకటించినది. ఎఱ్ఱని అంచుతో, మూలమీద నిలబెట్టిన చతురముల లోపల నల్లని బొమ్మలు వేయుట దాని వాడుక. భాష రానివాడును చూచి గ్రహించుటకే ఆ బొమ్మలు. మెథనాలు చీటిమీద మూడు బొమ్మ లుండవలెను: మంట, పుఱ్ఱెయు ఎముకలును, రొమ్మున నక్షత్రము పగిలినట్లున్న మనుష్యాకృతి. మంట అనగా అంటుకొను ద్రవములలో రెండవ తరగతి. పుఱ్ఱె అనగా మ్రింగినను, చర్మమునకు సోకినను, ఆవిరి పీల్చినను విషమని. ఈ మూడింటను అది మూడవ తరగతి. మూడవ బొమ్మ అవయవములకు, ముఖ్యముగా కంటికి, హానియని. ఎథనాలు, ఐసోప్రొపైలు ఆల్కహాలు చీటీలమీద మంట ఉండును గాని పుఱ్ఱె ఉండదు. కంటికి ఒరపిడి కలిగించునని తెలుపు ఆశ్చర్యార్థకపు గుర్తు సామాన్యముగా నుండును. మంటవిషయమున ముగ్గురును ఒకే తరగతివారు. విషము విషయమున ఒకడు వేరు. స్పిరిటు అను ఒక్కమాట ఈ భేదమును మ్రింగివేయుచున్నది.

ఇచట పిల్లలను హెచ్చరింపవలసిన చిక్కొకటి యున్నది. ఈ పద్ధతిలో అంకె తగ్గినకొలది అపాయము హెచ్చు. మొదటి తరగతియే మిక్కిలి భయంకరము. కొన్ని సీసాలమీదను, గిడ్డంగుల గోడలమీదను నాలుగు రంగుల గడులుగల మరియొక చతురము కానవచ్చును. అది మంటలార్పువారి కొఱకు అమెరికాలో ఏర్పరచినది; దానిలో అంకె పెరిగినకొలది అపాయము పెరుగును. ఆ చతురమున మెథనాలునకు ఎఱ్ఱగడిలో 3, ఆరోగ్యమునకు సంబంధించిన నీలిగడిలో 1 అని వేయుట కలదు. ఆ ఒకటిని చూచి, ఇది ఆరోగ్యమునకు అంతగా హానిచేయదని తలచువాడు మోసపోవును. మంట నార్ప వచ్చినవాడు కొద్దిసేపు దాని దాపున నిలిచినచో నేమగునను ప్రశ్నకే అది జవాబు. త్రాగినచో నేమగునను ప్రశ్నకు అది జవాబు కాదు. అంకెను చదువుటకు ముందు అది ఎవరి అంకెయో చదువవలెను.

మంటనుగూర్చియు కొంత చెప్పవలెను. ఒక ద్రవమునుండి లేచిన ఆవిరి నిప్పు తగిలినంతనే అంటుకొనుటకు చాలు కనిష్ఠపు వేడిమిని జ్వలనస్థానమందురు. కిరసనాయిలునకు అది 35 డిగ్రీల సెంటిగ్రేడుకు పైన. మెథనాలునకు 11 లేక 12 డిగ్రీలు. తక్కిన రెండు స్పిరిటులకును ఇంచుమించు అంతియే. చలికాలపు తెల్లవారుజామున లంబసింగివంటి చోట్ల తప్ప మన ప్రాంతమున ఇంటిలోని గాలి అంత చల్లబడుట అరుదు. అనగా మన యెండలలో స్పిరిటుసీసా మూత తీసినప్పుడెల్ల దాని నోటివద్ద అంటుకొను ఆవిరి సిద్ధముగా నున్నదని గ్రహింపవలెను. సీసా లోపలి సంగతి మరింత విచారింపదగినది. గాలిలో మెథనాలు ఆవిరి నూటికి సుమారు 6 పాళ్లు మొదలు 36 పాళ్లవరకు ఉన్నచో అది అంటుకొనును. 30 డిగ్రీల వేడిమిలో సగము ఖాళీయైన సీసాలో ఆ ఆవిరి నూటికి 20 పాళ్లు దాటును. కావున మంట సీసానోటికి తగిలినచో లోపలికి పరుగెత్తి, లోపలి ద్రవమును ఫిరంగి గుండును వెడలగొట్టినట్లు ఎదుటివారిమీదికి చిమ్మును.

ఇది ఊహ కాదు. 2014 సెప్టెంబరులో అమెరికాదేశపు నెవాడా రాష్ట్రమందు రీనో పట్టణపు ప్రదర్శనశాలలో ఒకమారును, కొన్నిదినములకే కొలరాడో రాష్ట్రమందు డెన్వరు నగరపు ఒక పాఠశాలలో మరియొకమారును, పిల్లలకు రంగుల మంటలను, సుడిమంటలను చూపుచు పెద్దసీసానుండి మెథనాలు పోయగా మంట వారిమీదికి ఎగసి పిల్లలు గాయపడిరి. ఆ దేశపు రసాయన ప్రమాదముల విచారణసంఘము ఆ సంవత్సరమే ప్రకటించిన హితవులో, కొలదిగా చాలునప్పుడు పెద్దపాత్రలను ప్రదర్శనస్థలమునకు తీసికొనిరాకుడని చెప్పినది. అన్ని సదుపాయములుగల చోట్లనే అట్లు జరిగినప్పుడు, కిటికీ తెఱచుటయే గాలియంత్రమైన మనచోట నెంత జాగ్రత్త వలయునో చదువరులే యోచింతురు గాక.

దీనికి మా మిత్రులు రెండు విధములుగా ఎదురుచెప్పుదురు. ముప్పదియేండ్లుగా చేయుచున్నాము, ఏమియు కాలేదని కొందఱు. ఆ యటెండరు కూడ ఆనాటివరకు ఆ మాటనే చెప్పియుండును. తక్కినవారి వాదము దీనికి విరుద్ధము: ఇంత అపాయమైనచో ప్రయోగములే మానుడు, బొమ్మ గీసి చెప్పిన చాలునందురు. దీనిని మేము అంతకన్న గట్టిగా కాదనుచున్నాము. చీటిమీది తరగతి ఆ పదార్థపు స్వభావమును చెప్పును. మనకు కీడు కలుగునో కలుగదో అది మన చేతలపై నాధారపడియుండును. పులి పులియే, బోనులో నున్నదా వీథిలో నున్నదా అనునది వేరు ప్రశ్న. ఆకుప్రయోగమును కంటితో చూడని బాలుడు ఆకు ఆహారమును తయారుచేయునని నమ్మును గాని తెలిసికొనడు.

ఆ ప్రయోగమునకు మెథనాలు అక్కరలేదు. ఎథనాలుతో చక్కగా జరుగును. ఉన్నతపాఠశాలలో మెథనాలు సీసా ఉండుటకే కారణము లేదని మేము తలచుచున్నాము. ఎథనాలునైనను పరీక్షనాళికలో ఆకు మునుగునంత మాత్రమే తీసికొనవలెను. నీటిని ముందుగా మరిగించి, పొయ్యి ఆర్పి, మంట నిజముగా ఆరినదని రూఢిచేసికొని, అప్పుడు నాళికను ఆ వేడినీటిలో దింపవలెను. ఎథనాలు 78 డిగ్రీలకే మరుగును గావున మరిగి దింపిన నీటి వేడిమియే చాలును. పెద్దసీసా మూతవేసి మరియొక గదిలో నుండవలెను. స్పిరిటుదీపమును ఆర్పి, చల్లారిన పిమ్మట మాత్రమే నింపవలెను. కంటికి అద్దములు ధరింపవలెను. మెథనాలు వాడక తప్పని పై కళాశాలలకు పోవు మన పిల్లలు, అది చర్మముగుండ లోనికి పోవుననియు, పలుచని రబ్బరు చేతితొడుగులు దానిని చాలసేపు ఆపజాలవనియు ఇప్పుడే తెలిసికొనిపోవుట మేలు.

తలిదండ్రులతో ఒక మాట. మీలో వడ్రంగము, పాలిషు, రంగులపని, అచ్చుపని చేయువారు పలువురున్నారు. లక్కను కరిగించుటకు తెచ్చిన స్పిరిటును సోడాసీసాలోనో, మంచినీళ్ల సీసాలోనో పోసి గూటిలో పెట్టుట మేము కొన్ని యిండ్లలో చూచితిమి. తాగుటకు వీలుకాకుండ చేసిన స్పిరిటులో కొన్ని దేశములందు మెథనాలునే కలుపుదురు. మీ సీసాలోనిది ఏదియో దానిని తెచ్చిన డబ్బామీది చీటియే చెప్పవలెను, మంచినీళ్ల సీసా చెప్పదు. పిల్లవానికి దాహమైనప్పుడు సీసా రూపమే వానికి చీటి. పెద్దలును అంతకన్న మెఱుగుగా నడచుకొనలేదు. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, మద్యము దొరకని దినములలో చేతులు శుభ్రపరచుకొను ద్రవమును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. 2024 జూనులో తమిళనాడునందలి కళ్లకురిచ్చిలో మెథనాలు కలిసిన సారాయి త్రాగి అరువదిమందికి పైగా పోయిరి. వారిని నిందించుట మా యుద్దేశము కాదు.

ఎవరైన పొరపాటున స్పిరిటు మ్రింగినచో, బాగుగనే యున్నాడుగదా యని ఎదురుచూడరాదు. బలవంతముగా వాంతి చేయింపరాదు. ఆ సీసాను వెంట తీసికొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. 108 కు ఫోను చేయవలెను. వైద్యులవద్ద విరుగుడు కలదు: కాలేయము మెథనాలును విషముగ మార్చకుండ అడ్డుపడు ఫోమెపిజోలు అను మందు, అది లేనిచోట కొలతప్రకారము ఎథనాలు, రక్తమును శుద్ధిచేయు డయాలిసిసు. ఎథనాలు విరుగుడని విని ఇంటివద్దనే సారాయి పట్టించువారు కలరు. అది వైద్యుని చేతిపని, మన పని కాదు.

ఈ యేటి వేసవి సెలవులకు ముందు మేము మన ప్రయోగశాల బీరువాను దింపించితిమి. స్పిరిటు అని మాత్రము వ్రాసిన సీసాలు మూడు దొరకినవి. కొనుగోలు పుస్తకములు తిరుగవేయగా రెండింటి పేర్లు తెలిసినవి, రెండును ఎథనాలు. పదవ తరగతి బాలికలు వానికి పేరు, తెచ్చిన తేదీ, గుర్తులతో క్రొత్త చీటీలు వ్రాసి అంటించిరి. మూడవదాని సంగతి ఏ పుస్తకములోను లేదు. దాని మూత మేము తీయలేదు, తీయనీయలేదు. అట్టివానిని చట్టప్రకారము తీసికొనిపోవువారికి అప్పగించువరకు అది తాళముక్రింద నున్నది. దానిమీద బాలికలు పుఱ్ఱెబొమ్మ వేసి, పేరు వ్రాయవలసిన చోట "తెలియదు" అని వ్రాసిరి.