ఏ సముద్రతీరమునకు పోవుదము?

కరీంనగరమునుండి ఒక సోదరి జాబు వ్రాసినారు. ఇంటిలో ఆమె, భర్తగారు, డెబ్బదియేండ్ల అత్తగారు, తొమ్మిదేండ్ల కుమార్తె, అయిదేండ్ల కుమారుడు కలరు. అత్తగారును పిల్లలును ఇంతవరకు సముద్రమును చూచి యెఱుగరు. రాబోవు దసరా సెలవులలో పోవలెనని తలపెట్టినారు. భర్తగారు గోవా యనుచున్నారట; కుమార్తె విశాఖపట్టణ మనుచున్నదట; అత్తగారు పూరీ యనుచున్నారట. "నన్నెవరును అడుగలేదు. కాని సామానులు సర్దునది, పిల్లలను కాచునది నేనే కదా!" అని ఆమె జాబు ముగించినారు.

ఆ కడపటి మాటనుండియే నేను ఆరంభించెదను. సముద్రపు టొడ్డున పురుషులు ఈదుదురు, పిల్లలు పరుగులిడుదురు, పెద్దలు నీళ్లు తలపై చల్లుకొని నమస్కరింతురు. ఇల్లాలు మాత్రము అందఱి చెప్పులును తువ్వాళ్లును దగ్గఱ నుంచుకొని పిల్లల తలలను లెక్కించుచు కూర్చుండును. ఎచ్చట కాపలా సులభమో కాపలా కాయువారికే తెలియును. కావున తీరము నెంచుకొనుటలో మొదటిమాట ఇల్లాలిదే కావలయును. ఈ సంగతి భర్తగారితో నిస్సంకోచముగా చెప్పుడు.

ఇక కాలమును గూర్చి. దసరా ప్రయాణము మానుకొనుడని నా సలహా. బంగాళాఖాతమున అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు తుపానుల ఋతువు. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను ఒడిశాలో గోపాలపురము చెంత తీరము దాటినది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12వ తేదీననే, హుద్‌హుద్ విశాఖపట్టణమును అతలాకుతలము చేసినది. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళపు కొబ్బరితోటలను నేలగూల్చినది. 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ యుప్పెనను కృష్ణాజిల్లావారు నేటికిని మఱవలేదు. తుపాను మనదాకా రాకున్నను, ఎక్కడనో నడిసముద్రమున గాలి రేగినచో ఇచ్చట ఎండ కాయుచుండగనే పెద్ద యలలు వచ్చి పడును. 1999లో హైదరాబాదున నెలకొల్పిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ఇట్టి యలలను గూర్చి ముందుగా హెచ్చరించును. సముద్రము లేని యూరిలో సముద్రపు కార్యాలయ మని నవ్వకుడు. బయలుదేరుటకు ముందు ఆ హెచ్చరికలను ఫోనులో చూచుకొనుట మంచిది.

వేసవి సెలవులందు ఇసుక పెనమువలె కాలును. పైగా పూరీని 2019లో ఫణి తుపాను తాకినది మే 3వ తేదీననే. సంక్రాంతి మొదలు ఫిబ్రవరి కడపటివఱకు మన తీరమున ఎండ తక్కువ, సముద్రము కొంత నెమ్మది. ఆ రోజులలోనే తాబేళ్లు రాత్రివేళ మన యిసుకతీరములకు వచ్చి గ్రుడ్లు పెట్టును. పిల్లలకు కనబడినచో అదృష్టమే. దానిపై దీపము వేయక దూరమునుండి చూపుడు. కావున సంక్రాంతి సెలవులకు ప్రయాణము జరుపుకొనుడు. గోవాయందును వానకాలమున సముద్రము ప్రమాదకరము. నవంబరు దాటిన పిదప దక్షిణమున పాలోలెం వంటి నెలవంక తీరములు పిల్లలకు బాగుండును. కాని కరీంనగరమునుండి అంతదూరము అత్తగారిని, పసివానిని త్రిప్పుట ఈ మొదటిసారికి వలదు. భర్తగారి కోరిక మఱియొక యేటికి నిలిచియుండనిండు.

ఇప్పుడు ముఖ్యమైన విషయము. సముద్రమున ప్రాణములు పోవుటకు ఎత్తయిన అల యొక్కటే కారణము కాదు. ఒడ్డునకు వచ్చిన నీరు ఎటో యొకవైపు తిరిగి పోవలయును గదా! అది యొక్కచోట చేరి సన్నని యేటివలె లోనికి పరుగిడును. ఆ చోట అలలు విఱుగవు. నీరు నునుపుగా, కొంచెము నల్లగా కనబడును. నురుగు లోపలికి పోవుచుండును. తెలియనివారు "ఇక్కడ అలలు లేవు, పిల్లలకు ఇదే మేలు" అని అచ్చటనే దిగుదురు. ఎంత విపరీతమో చూడుడు! ఆ ప్రవాహము మనుష్యుని క్రిందికి ముంచదు, దూరముగా కొనిపోవును. ఒడ్డువైపు ఎదురీదినవారు అలసి మునుగుదురు. చిక్కినవారు బెదరక నీటిపై తేలుచు, చేయెత్తి సాయము కోరుచు, ఈత వచ్చినచో ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ప్రవాహము దాటిన పిమ్మట ఒడ్డునకు మరలవలయును. ఈ మాట ఇంటిలోనే భర్తగారికి, కుమార్తెకు బోధపఱచి యుంచుడు. విశాఖపట్టణపు తీరమున ఏటేట యువకులు మృతిచెందుటకు ఇట్టి ప్రవాహములు ఒక ముఖ్యకారణము.

మఱియొక మాట. మునుగు బిడ్డ కేకవేయునని మనము తలంతుము. ఊపిరికే చాలనివారు కేక యెట్లు వేయుదురు? నిశ్శబ్దముగా, ఒకటి రెండు నిమిషములలో జరిగిపోవును. కావున చెవులపై నమ్మక ముంచరాదు. అయిదేండ్ల వాడు నీటిలో నున్నంతసేపు పెద్దవారొకరు చేయిచాచిన అందునంత దూరములో నుండవలెను. మీ మోకాలు వాని నడుమని జ్ఞప్తియందుంచుకొనుడు. ఎఱుపు పసుపు రంగుల జెండాల నడుమనే రక్షకులు కాపలా కాయుదురు. ఒంటి యెఱ్ఱజెండా యెగురుచున్నచో దిగకుడు. నది సముద్రమున కలియుచోట, భీమునిపట్టణమున గోస్తనీ సంగమము వంటి తావులలో, చూచుటయే గాని దిగుట వలదు.

తీరముల మాటకు వత్తము. బందరు దాపున మంగినపూడి కలదు. అచ్చటి నేల ఇసుక గాక నల్లని బంకమట్టి. నీరు చాలదూరము లోతు లేకుండును. దగ్గఱనే చిలకలపూడి పాండురంగస్వామి ఆలయ మున్నది, బందరు లడ్డు సరేసరి. కాని పిల్లలు ఇసుకగూళ్లు కట్టవలెనన్నచో అచ్చట నిరాశయే. బాపట్లకు కొన్ని మైళ్ల దూరమున సూర్యలంక విశాలమైన ఇసుకతీరము. వరంగల్లున రైలెక్కి విజయవాడ మీదుగా బాపట్ల చేరవచ్చును. ఊరిలో భావనారాయణస్వామి సన్నిధి అత్తగారికి తృప్తి నిచ్చును. ఆదివారములును, కార్తిక మాఘ పౌర్ణములును విడిచిపెట్టుడు. ఆ రోజులలో జనసమ్మర్దమున బిడ్డ చేయి జారిన వెదకుట దుర్లభము.

విశాఖపట్టణమున రామకృష్ణా తీరము సాయంకాలపు నడకకు బాగుండును. 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న కుర్సురా జలాంతర్గామి అచ్చటనే కలదు. లోపల నడచి చూచిన మీ కుమార్తె ఆరునెలలు దాని కథలే చెప్పును. స్నానమునకు మాత్రము ఋషికొండకు పొండు. 2020లో భారతదేశమున నీలిధ్వజమను అంతర్జాతీయ గుర్తింపు మొదట పొందిన యెనిమిది తీరములలో అది యొకటి. ఆ గుర్తింపునకు నీటిశుద్ధి, రక్షణ యేర్పాట్లు, మరుగుదొడ్లు ఉండవలయును. 2025 ఆరంభమున నిర్వహణ లోపించినదని ఆ ధ్వజమును తీసివేసి, పిదప మరల నిచ్చిరి. కావున బోర్డు చూచి సంతసింపక గదుల తలుపులు తీసి చూడుడు.

ఈ మరుగుదొడ్ల విషయము చిన్నదిగా తోచవచ్చును, కాని మనకు చిన్నది కాదు. అవి లేనిచోట మన స్త్రీలు ఉదయమునుండి మంచినీరు ముట్టక ఎండలో కూర్చుండి, సాయంకాలమునకు తలనొప్పితో ఇల్లు చేరుదురు. నేను ఏ తీరమును గూర్చి విన్నను మొదట నడుగు ప్రశ్న ఇదియే. ఎవరేమనుకొన్నను సరే.

పూరీని నేను కాదనను. అచ్చటి యలలు బలమైనవి. అందుచేతనే అచ్చట యాత్రికుల చేయిపట్టుకొని స్నానము చేయించు నోలియాలను జాలరులు వెలసిరి. వెదురుతో నల్లిన మొనటోపీ పెట్టుకొని తిరుగు ఈ నోలియాలలో పెక్కురు మన తెలుగుతీరమునుండి తరలిపోయిన కుటుంబములవారే. ఇంటిలో నేటికిని తెలుగు మాటలాడుదురు. అత్తగారిని అట్టివారి చేయి పట్టించి ఒక్క మునుక వేయింపవచ్చును. అయితే మొదట ఆమెకు సముద్రము కావలెనో జగన్నాథుడు కావలెనో మెల్లగా నడిగి చూడుడు. జగన్నాథుడే యైనచో పూరీకి పిల్లలు లేకుండ వేఱొక పర్యాయము పోవుట సుఖము.

నా నిర్ణయ మడిగిరి గనుక చెప్పెదను. నాలుగైదు దినములు దొరకినచో విశాఖపట్టణము. ఋషికొండయందు ఉదయపు స్నానము, ఒకనాడు అత్తగారికి సింహాచలము. రెండు దినములే యైనచో సూర్యలంక.

నీటిలోనికి చీరతో దిగకుడు. తడిసిన కుచ్చెళ్లు కాళ్లకు చుట్టుకొని, చిన్న యల తగిలినను పడవేయును. సల్వారు కమీజు వేసికొని చున్నీ ఒడ్డున నుంచుడు. కాపలాకు వంతులు పెట్టుకొనుడు: అరగంట భర్తగారిది, అరగంట మీది, వంతులో నున్నవారు ఫోను చేత పట్టరాదు. ఆయన వంతు వచ్చినప్పుడు చెప్పులును తువ్వాళ్లును ఆయనకే అప్పగించి మీరును మోకాలిలోతున నిలుచుండుడు. అల తిరిగిపోవునప్పుడు అరికాళ్ల క్రిందనుండి ఇసుక జాఱుచుండును, చక్కిలిగింత పుట్టును. పిల్లలు అంత కేరింతలు కొట్టుట ఎందులకో అప్పుడు తెలియును. అత్తగారికి ఒక మడతకుర్చీ తీసికొనిపోవుట మఱవకుడు. ఇసుకలో కూర్చున్న పెద్దవారికి లేచుట కష్టము.