కొట్టడానికి ముందు దించడం నేర్చుకుందాం!

"వెనక నుంచి ఎవరో మడమ మీద గట్టిగా తన్నారనుకున్నానండీ. తిరిగి చూస్తే ఎవ్వరూ లేరు!"

నలభై ఎనిమిదేళ్ల బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఆమధ్య నాతో అన్న మాటలివి. ఆదివారం పొద్దున పికిల్‌బాల్ ఆడుతూ బంతిని బాదడానికి ఒక్క ఉదుటున ముందుకు ఉరికారు. టప్‌మని శబ్దం. అంతే, ఆ కాలి మీద నిలబడలేకపోయారు. పిక్క కండరాన్ని మడమ ఎముకతో కలిపే తాడులాంటి అకిలిస్ టెండన్ తెగిపోయింది. ఆపరేషన్, కట్టు, ఫిజియోథెరపీ... మామూలుగా నడవడానికే నెలలు పట్టింది.

నిజం చెప్పాలంటే మా ప్రభుత్వాసుపత్రి ఓపీ వరసలో పికిల్‌బాల్ ఆడి వచ్చేవారు అరుదు. ఇలాంటివారు తెలిసినవారి ద్వారానో, ఫోన్‌లోనో, పెళ్లి భోజనాల దగ్గరో తగులుతుంటారు. ఈమధ్య అలా తగిలేవారు ఎక్కువయ్యారు. ఒకరికి మోచేతి నొప్పి. ఒకరికి భుజం పట్టేసింది. ఇంకొకరు వెనక్కి అడుగులేస్తూ పడిపోయి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అందరిదీ ఇంచుమించు ఒకే కథ. నలభై దాటాక ఆట మొదలుపెట్టారు, మొదటి రోజు నుంచే బాదడం మొదలుపెట్టారు.

ఆట మానేయమని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేనూ ఆడతాను. నా అభిప్రాయమల్లా ఒక్కటే. మన వయసువాళ్లు ఈ ఆటలో ముందుగా నేర్చుకోవాల్సింది స్మాష్ కాదు, డ్రాప్ షాట్. అంటే బంతిని నెట్ దాటించి, అవతలివాళ్ల కాళ్ల ముందు మెత్తగా దించడం. ఆట గెలవడానికీ అదే దారి, ఆసుపత్రికి రాకుండా ఉండటానికీ అదే దారి.

పాత అలవాటే పొరపాటు

నేను ఎంబీబీఎస్ చదివే రోజుల్లో, 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఆ ఊపులో మా తరంలో చాలామంది బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకున్నాం. హాస్టల్ ఆవరణలో సిమెంటు నేల మీద సున్నంతో గీతలు గీసుకుని ఆడాం. ఆ చేతులే ఇప్పుడు పికిల్‌బాల్ ప్యాడిల్ పట్టుకుంటున్నాయి. కోర్టు చూస్తే అదే కొలత... 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఈ ఆట పుట్టింది కూడా ఓ పాత బ్యాడ్మింటన్ కోర్టు మీదే. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే ఇద్దరు మిత్రులు ఇంట్లోవాళ్లకు కాలక్షేపంగా మొదలుపెట్టిన ఆటకు, బార్నీ మెక్‌కలమ్ తోడై నియమాలు కుదిర్చారు. పిల్లల నుంచి పెద్దల దాకా ఇంటిల్లిపాదీ ఆడాలన్నదే వాళ్ల ఆలోచన.

కోర్టు అదే అయినా ఆట వేరు. బ్యాడ్మింటన్‌లో డ్రాప్ షాట్ తల మీద నుంచి కిందికి జారుతుంది. పికిల్‌బాల్‌లో చాలావరకు నడుము కింద నుంచి పైకి లేచి, నెట్ దాటి దిగుతుంది. ఈ తేడా తలకెక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ బాదుతూనే ఉన్నాను, ఓడుతూనే ఉన్నాను. ఓ పిక్క కండరం పట్టేసి పది రోజులు రౌండ్స్‌కి కుంటుతూ వెళ్లాను. మా అపార్ట్‌మెంట్‌లో అరవై దాటిన టీచరుగారు ఒకావిడ ఉన్నారు. నేను బలమంతా పెట్టి కొట్టిన బంతిని అలా ప్యాడిల్‌తో తాకి నెట్ పక్కనే పడేసేవారు. ఒకరోజు నవ్వుతూ అన్నారు: "ఎందుకండీ డాక్టరుగారూ అంతలా బాదుతారు? బంతికీ మీకూ ఏమైనా పాత తగవులున్నాయా?"

మూడో దెబ్బ దగ్గరే కిటుకు

ఈ ఆటలో ఓ నియమం ఉంది. సర్వీసు బంతి అవతల నేలను తాకాలి. వాళ్లు తిప్పికొట్టిన బంతి ఇవతల కూడా నేలను తాకాలి. ఆ తర్వాతే గాల్లో ఉన్న బంతిని కొట్టొచ్చు. కాబట్టి సర్వీసు చేసినవాళ్లు వెనక గీత దగ్గరే ఆగాలి. అవతలివాళ్లు మాత్రం బంతి తిప్పికొట్టి హాయిగా ముందుకు వచ్చేస్తారు. నెట్‌కు రెండు వైపులా 7 అడుగుల మేర ఓ ప్రాంతం ఉంటుంది. దాన్ని 'కిచెన్' అంటారు. అందులో నిలబడి గాల్లో ఉన్న బంతిని కొట్టకూడదు. అందుకని అందరూ ఆ గీత దాకా వచ్చి కాచుకుని ఉంటారు.

ఇప్పుడు మూడో దెబ్బ మీది. మీరు నెట్‌కు 22 అడుగుల దూరంలో ఉన్నారు. వాళ్లు ఎదురుగా 7 అడుగుల దూరంలో ఉన్నారు. ఎంత గట్టిగా కొడితే అంత వేగంగా మీ మీదికే తిరిగొస్తుంది. అదే బంతిని మెత్తగా వాళ్ల కిచెన్‌లో దించారనుకోండి... నెట్ కన్నా కిందికి దిగిన బంతిని వాళ్లు పైకి లేపక తప్పదు. ఆ రెండు క్షణాల్లో మీరు నడిచినంత నిదానంగా ముందుకు వచ్చేయొచ్చు. బాదేవాడు ఉరకాలి. దించేవాడికి నడక చాలు. మోకాలు, మడమ బాగుండాలనుకునేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎన్ని రకాలుగా దించొచ్చు?

మామూలు డ్రాప్: అందరూ ఇక్కడే మొదలుపెట్టాలి. కింద ఉన్న మీరు మొదటి అంతస్తు బాల్కనీలో ఉన్న ఇల్లాలికి తాళాల గుత్తి ఎలా విసురుతారు? చెయ్యి కింద నుంచి, మెత్తగా, ఆవిడ పట్టుకునేలా కదా! అదే కదలిక. ప్యాడిల్ ముఖం కాస్త ఆకాశం వైపు తెరిచి ఉంచాలి. బంతిని మీ శరీరానికి ముందే అందుకోవాలి. మణికట్టు ఆడించకుండా, మోకాళ్లు కొద్దిగా వంచి, భుజం నుంచి చేతిని ఊపాలి. బంతి అన్నింటికన్నా ఎత్తుకు వెళ్లేది నెట్‌కు మీ వైపున ఉండాలి. నెట్ దాటేటప్పటికి అది దిగుతూ ఉండాలి.

స్లైస్ డ్రాప్: బంతి కింద ప్యాడిల్‌ను పై నుంచి కిందికి కోసినట్టుగా జార్చడం. బంతి వెనక్కి తిరుగుతూ వెళ్లి, పడ్డాక ఎక్కువ ఎత్తు లేవదు. చాలామందికి ఎడమ వైపు వచ్చే బంతులకు, అంటే బ్యాక్‌హ్యాండ్‌కు ఇది సులువు.

రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్: భారాన్ని రెండు చేతులూ పంచుకుంటాయి. మోచేతి బయటి వైపు నొప్పి, అదే టెన్నిస్ ఎల్బో, ఒకసారి వచ్చి తగ్గినవారు దీన్ని ప్రయత్నించొచ్చు.

టాప్‌స్పిన్ డ్రాప్: బంతిని కింద నుంచి పైకి రాస్తూ కొట్టడం. నెట్ మీదుగా ఎత్తుగా వెళ్లి చటుక్కున వంగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ, ముంజేతి మీద పని ఎక్కువ. మొదటి రెండూ కుదిరాకే దీని జోలికి వెళ్లండి.

రీసెట్: మీరు ఇంకా కోర్టు మధ్యలోనే ఉన్నారు, బంతి వేగంగా కాళ్ల దగ్గరికి వచ్చింది. అప్పుడు ఊపు వద్దు. ఆగి, ప్యాడిల్‌ను అడ్డుపెట్టి, పట్టు వదులు చేసి బంతి వేగాన్ని చంపేయడం. పరుగెడుతూ కొట్టకుండా ఆగి కొట్టే అలవాటు దీనితోనే వస్తుంది. కింద పడకుండా కాపాడేదీ ఆ అలవాటే.

అన్నింటికీ ప్రాణం పట్టు. పూర్తి బలం పది అనుకుంటే మూడు, నాలుగుకు మించకూడదు. చిలక్కొయ్యకు వేలాడుతున్నట్టు ప్యాడిల్‌ను బిగించి పట్టుకుంటే బంతి ఎగిరిపోతుంది. మోచేతి టెండన్ మీదా భారం పడుతుంది.

దగ్గర నుంచి దూరానికి

చాలామంది నేరుగా వెనక గీత దగ్గర నిలబడి డ్రాప్ ప్రయత్నిస్తారు. నాలుగు బంతులు నెట్‌కు తగలగానే 'ఇది మన వల్ల కాదు' అని మళ్లీ బాదుడుకు దిగుతారు. రోగిని మంచం మీద నుంచి లేపి ఒకేసారి మెట్లెక్కించం కదా! ఇదీ అంతే. కిచెన్ గీత దగ్గర ఎదురెదురుగా నిలబడి మొదలుపెట్టండి. పదింటిలో ఏడు కుదిరితే రెండడుగులు వెనక్కి జరగండి. మళ్లీ కుదిరితే ఇంకో రెండడుగులు. కిచెన్ గీత నుంచి వెనక గీత దాకా ఉన్నది 15 అడుగులే. కానీ ఆ 15 అడుగులకు కొన్ని వారాలు పట్టనివ్వండి.

ఈ నిదానం వెనక శాస్త్రం ఉంది. కొత్త వ్యాయామానికి కండరాలు కొన్ని వారాల్లోనే బలపడతాయి. టెండన్లకు నెలలు పడుతుంది. అందుకే నెల తిరిగేసరికి 'నాకు బలం వచ్చేసింది' అనిపిస్తుంది. కానీ మడమ దగ్గరి తాడు ఇంకా సిద్ధమై ఉండదు. ప్రమాదం జరిగేది సరిగ్గా అక్కడే. ఇంకో మాట. సిప్రోఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ వంటి యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు వాడినప్పుడు టెండన్లు తెగే ముప్పు పెరుగుతుంది. మందుల దుకాణంలో అడిగి కొని వేసుకునే అలవాటున్న మనవాళ్లకు ఇది తప్పక తెలియాలి. ఆ మందులు వాడుతుంటే ఎప్పుడు ఆడొచ్చో డాక్టరును అడగండి.

'మెత్తగా ఆడితే వ్యాయామమేముంది?'

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెబుతున్నది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం. మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. డ్రాప్‌లతో సాగే ఆటలో బంతి ఎక్కువసేపు ఆడుతుంది. మోకాళ్లు వంగుతాయి, అడుగులు పడతాయి, చెమట పడుతుంది. బాదుడు ఆటలో రెండు దెబ్బల్లో పాయింటు అయిపోయి, బంతి ఏరుకోవడానికే సగం సమయం పోతుంది!

ఇంకొందరు 'కోచ్ మొదట డ్రైవ్ నేర్పుతున్నాడండీ' అంటారు. గంటకు ఇంత అని కట్టి వచ్చినవారికి మొదటి రోజే గట్టిగా కొట్టిన తృప్తి ఉండాలని వాళ్ల ఆలోచన. తప్పు పట్టను. డ్రైవ్ కూడా కావాలి. బలంగా ఓ దెబ్బ కొట్టి, తిరిగొచ్చిన బంతిని ఐదో దెబ్బలో దించడం మంచి ఎత్తుగడే. ఇరవై ఏళ్ల అబ్బాయికి ఆ వరస సరిపోతుంది. నలభై ఐదేళ్ల నాన్నకు వరస మారాలి. ఆ మాట కోచ్‌ను మనమే అడగాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సరిగ్గా దిగని డ్రాప్, అంటే ఎత్తుగా తేలిన బంతి, అవతలివారికి స్మాష్ కొట్టే అవకాశం. ఆ దెబ్బ మీకు గానీ, మీ జోడీకి గానీ ముఖం మీద తగలొచ్చు. నేర్చుకునేటప్పుడైనా కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. బంతి తల మీదుగా వెళ్తే వెనక్కి అడుగులు వేయొద్దు. పక్కకు తిరిగి నడవండి, అందకపోతే వదిలేయండి. పాయింటు పోతే మళ్లీ వస్తుంది. తుంటి ఎముక విరిగితే ఆ ఇల్లంతా మంచాన పడ్డట్టే.

ఆడే ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి. పరుగు బూట్లు కాకుండా పక్కలకు కదిలేందుకు తయారైన కోర్టు బూట్లు వేసుకోండి. మధుమేహం, బీపీ, గుండె జబ్బు ఉన్నవారు ముందే డాక్టరును కలవండి. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవారు జేబులో గ్లూకోజు ఉంచుకోండి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు, తల తిరగడం... వీటిలో ఏది వచ్చినా ఆట అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్లండి. 'ఈ గేమ్ అయ్యాక చూద్దాం' అనుకోవద్దు.

మొన్న ఆ బ్యాంకు ఉద్యోగి కనిపించారు. సర్జన్, ఫిజియోథెరపిస్టు ఇద్దరూ ఆడుకోవచ్చన్నారట. "ఈసారి ఎక్కణ్నుంచి మొదలుపెట్టమంటారు సార్?" అని అడిగారు. కిచెన్ గీత దగ్గర్నుంచే అన్నాను. ఆదివారం పొద్దున ఆయన్ని మా కోర్టుకు రమ్మన్నాను. టీచరుగారితో ఆడిస్తాను. ఎలాగూ ఓడిపోతారు. కానీ కుంటకుండా ఇంటికి వెళ్తారు.