పదిహేడేళ్ల వయస్సూ, పెద్దల కాపలా

పదిహేడు, పద్ధెనిమిదేళ్ల పిల్లలకు యెంత స్వేచ్ఛ యివ్వాలి? ప్రశ్న అడిగే తీరులోనే మోసం వున్నది. స్వేచ్ఛ పెద్దల భోషాణంలో సొమ్ము అయినట్టూ, దాన్ని కొలిచి పెట్టడం వారి దయాధర్మమైనట్టూ మాట్లాడుతున్నారు. మాట్లాడేవారు ఛాందసులే అయితే నాకు పేచీ లేదు. సభల్లో స్త్రీ స్వాతంత్ర్యాన్ని గురించి గంటసేపు ఉపన్యసించే మన ఉపాధ్యాయ మిత్రులే, కూతుర్ని విజయవాడ హాస్టలు కళాశాలలో చేర్చి వచ్చి, "అక్కడ క్రమశిక్షణ బాగుంటుందండీ" అంటున్నారు.

క్రమశిక్షణ రక్షిస్తుందట! ఈ మాటకు మా మైలవరం ప్రాంతమే జవాబు చెప్పింది. 1999 నవంబరులో అమెరికాలోని బర్క్‌లీ పట్టణంలో, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు పీల్చి పదిహేడేళ్ల తెలుగు బాలిక చనిపోయింది. మైలవరం పక్కనున్న వెల్వడం నుంచి వెళ్లిన పేద పిల్ల. ఆమె వున్న యిల్లు లకిరెడ్డి బాలిరెడ్డిది. అతడు అదే వెల్వడంవాడు. బర్క్‌లీలో వెయ్యికి పైగా అద్దె వాటాలకు యజమాని. 1998లో మైలవరంలో ఇంజనీరింగు కళాశాల వెలయించిన దాత. బాలికల్ని దొంగ తల్లిదండ్రుల పేర్లతో వీసాలు పుట్టించి దేశం దాటించారు. 2001లో అతడు నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల శిక్ష పడింది.

ఆ పిల్లకు క్రమశిక్షణ తక్కువైందా? పెద్దలు వెళ్లమంటే వెళ్లింది. చెప్పిన పేరునే తన పేరుగా చెప్పింది. ఊరి పెద్దమనిషిని ప్రశ్నించరాదని వెల్వడంలో నేర్చిన పాఠాన్ని బర్క్‌లీలోనూ మరవలేదు. భూస్వామికి కావలసిన విధేయతను మనం సుగుణమని పేరు పెట్టి పిల్లలకు నూరిపోస్తున్నాం.

ఇక రెండో వైపు చూడండి. ఆ పట్టణపు ఉన్నత పాఠశాలలో చదువుతున్న యిద్దరు విద్యార్థినులు, దాదాపు అదే యీడువారు, ఒక చిన్న ప్రశ్న వేసుకున్నారు: ఈ వయస్సు పిల్ల బడిలో యెందుకు లేదు? ఊళ్లో తిరిగారు, మనుషుల్ని కలిశారు, వెట్టిచాకిరీ అనుమానాన్ని డిసెంబరులో తమ పాఠశాల పత్రికలో అచ్చువేశారు. బాలిరెడ్డి అరెస్టు 2000 జనవరిలో గాని జరగలేదు.

"అమెరికా పిల్లలతో మనకు పోలికేమిటి?" అంటారని తెలుసు. వెల్వడం పిల్ల వున్నది కూడా అమెరికాలోనే కదా! తేడా గాలిలోనూ నీటిలోనూ లేదు. ఎవరు తలుపు తీసుకుని బయటికి నడవగలరు, ఎవరి కాగితాలు ఎవరి గుప్పిట్లో వున్నవి, ఎవరి మాటను అచ్చువేసే పత్రిక వున్నది: తేడా అక్కడున్నది.

పిల్లలు చెడిపోతారన్న భయాన్ని నేను వెక్కిరించడం లేదు. అరెకరం అమ్మి ఫీజు కట్టిన తండ్రి భయం నిజమైనదే. కాని ఆడపిల్లల విషయంలో ఆ భయంలో సగం కులం చెడుతుందన్నది. పిల్ల చెడుతుందన్నది పైమాట.

పద్ధెనిమిదేళ్లకు ఓటు 1989 నుంచి వున్నది. దేశాన్ని ఎవరు ఏలాలో చెప్పగలిగినవారు హాస్టలు గేటు యెన్ని గంటలకు మూయాలో చెప్పలేరా? విద్యార్థులు ఎన్నుకున్న హాస్టలు సంఘం వుండాలి. అసలు సర్టిఫికెట్లు వారి చేతిలోనే వుండాలి. తండ్రికే గాక, తాము కోరిన వారెవరికైనా ఫోను చేసే హక్కు వుండాలి. వచ్చే సమావేశంలో యీ మూడింటినీ తీర్మానంగా పెడుతున్నాను. వ్యతిరేకించదలచిన మిత్రులు తమ పిల్లలు యే హాస్టల్లో వున్నారో ముందు చెప్పి, ఆ తరువాత మాట్లాడాలి.