ఆవిరిని అడ్డం పెట్టుకుని

"గాలిలో వేడిని పట్టి ఉంచేది ముఖ్యంగా నీటి ఆవిరి. బొగ్గుపులుసు వాయువుది పిసరంత పాత్ర." కోర్బా బొగ్గు, సిల్తరా స్పాంజ్ ఐరన్ బట్టీలు అన్నం పెట్టే రాయ్‌పూర్‌లో ఈ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. మొదటి సగం నిజం కూడాను.

ఆవిరి బలం ఈ ఊళ్లో ఎవరికి తెలియదు? ఏప్రిల్ పొడిగాలిలో పగలు ఎంత మండినా తెల్లవారేసరికి డాబా కొంత చల్లారుతుంది. జూన్‌లో తేమగాలి తగిలిందా, అర్ధరాత్రయినా ఉక్కపోతే. కూలర్ ఎంత తిరిగినా దండగ. అయితే గాలి ఎంత ఆవిరిని మోయగలదో తేల్చేది దాని వేడి. డిగ్రీ పెరిగితే సుమారు 7 శాతం ఎక్కువ మోస్తుంది. మిగిలింది వానై రాలిపోతుంది, సగటున తొమ్మిది పది రోజుల్లోనే. బొగ్గుపులుసు వాయువు అలా రాలదు. పరిశ్రమలకు ముందు పది లక్షల పాళ్లలో 280 ఉన్నది ఇప్పుడు 420 దాటింది. అది వేడి పెంచితే ఆవిరి పెరుగుతుంది, పెరిగిన ఆవిరి ఆ వేడిని ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. తనంత తానుగా మొదలుపెట్టే శక్తి ఆవిరికి లేదు.

కాస్త చదువుకున్నవాళ్లు ఇంకో అభ్యంతరం తెస్తారు. పరారుణ కిరణాలు సముద్రంలోకి మిల్లీమీటరు కూడా దిగవు కదా, లోతు నీళ్లెలా కాగుతాయని. ప్రశ్న మంచిదే. కాచేది సూర్యుడు; ఎండ పదుల మీటర్లు దిగుతుంది. ఆ వేడి బయటపడాలంటే మిల్లీమీటరు మందమైనా లేని పైపొరలోంచే రావాలి. కింది నీటికంటే ఆ పొర కొంచెం చల్లగా ఉంటుంది కాబట్టే వేడి పైకి వస్తుంది. పైనుంచి పరారుణం ఎక్కువ పడితే ఆ తేడా తగ్గి, వేడి లోపలే నిలిచిపోతుంది. కిరణం లోపలికి రానక్కర్లేదు, వాకిట్లో అడ్డంగా నిలబడితే చాలు. 2004లో న్యూజిలాండ్ నౌక టాంగరోవా మీద సముద్ర శాస్త్రవేత్త పీటర్ మిన్నెట్ బృందం దీన్ని కొలిచింది: ఆకాశం నుంచి పరారుణం పెరిగినప్పుడల్లా తేడా తగ్గింది.

భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతం పైగా సముద్రాలకే చేరుతోంది. రెండు వేల మీటర్ల లోతుకు మునిగి తేలే ఆర్గో పరికరాలు చెబుతున్న లెక్క ఇది. హిందూ మహాసముద్రంలో వాటిని వదిలే సంస్థల్లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఒకటి.

"సముద్రం విశాఖలో కదా, మనకేం?" అనేవాళ్లూ ఉన్నారు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు ఒడిశా తీరం దాటి ఛత్తీస్‌గఢ్ మీదుగానే వెళ్తుంటాయి. ఆగస్టులో వరిమళ్లు నిండేదీ, రాయ్‌పూర్ పల్లపు వీధులు మునిగేదీ చాలాసార్లు వాటివల్లే. కాగిన సముద్రం వాటికి మరింత ఆవిరి అందిస్తుంది. ఆ ఆవిరినే సాక్షిగా పిలిచి, బొగ్గును నిర్దోషిగా వదిలేయమంటున్నారు.