వాలిన చెయ్యి మళ్ళీ లేస్తుందా?

ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో చేతి విలువ వేరే చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళి, వర్క్‌షాపు చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా చేతిపని మీద జీవించాయి. అటువంటి కార్మికుడు ఒకడు జారిపడి దండచేతి ఎముక విరగ్గొట్టుకున్నాడనుకుందాం. నొప్పి సంగతి అటుంచి, మణికట్టు వేలాడిపోయి, ఎంత ప్రయత్నించినా పైకి లేవడం లేదు. ఇంటిల్లిపాదికీ ఒకటే భయం: చెయ్యి ఇక పడిపోయినట్లేనా?

చాలామంది విషయంలో ఈ భయం నిజం కాదు. మణికట్టును, వేళ్ళను, బొటనవేలిని పైకెత్తే కండరాలకు ఆజ్ఞలు మోసుకుపోయేది రేడియల్ నరం. అది దండచేతి ఎముకను వెనుకవైపుగా చుట్టి, దాదాపు అంటిపెట్టుకొని సాగుతుంది. అందువల్ల ఎముక విరిగితే దానికీ దెబ్బ తగలవచ్చు. 2005లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, ఇటువంటి 4,517 కేసులలో సుమారు 12 శాతం మందికి ఈ నరం చచ్చుబడింది. శస్త్రచికిత్స లేకుండా వేచి చూసినవారిలో 70 శాతానికి పైగా తమంతట తామే కోలుకున్నారు.

దీనికి కారణాన్ని 1943లో బ్రిటిష్ వైద్యుడు హెర్బర్ట్ సెడన్ వివరించాడు. నరానికి తగిలే దెబ్బలు మూడు రకాలు. నరం చెక్కుచెదరకుండా కొంతకాలం మొద్దుబారడం మొదటిది. పై తొడుగు నిలిచి, లోపలి తంతువులు తెగడం రెండవది. నరం పూర్తిగా తెగిపోవడం మూడవది. మొదటి రెండింటిని ప్రకృతే సరిచేయగలదు. మూడవదానికి శస్త్రవైద్యుడు కావాలి.

ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటపడినా, రక్తనాళం తెగినా ఆలస్యం తగదు. వైద్యుడు నరాన్ని వెతికి చూసి, దానిని కాపాడుకుంటూ ఎముకకు లోహపు పలక బిగిస్తాడు. తెగిన నరాన్ని కుట్టడమో, కాలి నుంచి తీసిన నరపు ముక్కతో అతకడమో చేస్తాడు. ఎముకను సరిచేసిన తరువాత కొత్తగా మణికట్టు వాలితే వెంటనే కోయాలా వద్దా అన్న విషయంలో వైద్యులలో భేదాభిప్రాయాలున్నాయి. కనుక కట్టు వేయకముందే మణికట్టు, బొటనవేలు లేస్తున్నాయో లేదో పరీక్షించి రాసిపెట్టుకోవడం ముఖ్యం.

తక్కిన వారికి ఓపికే మందు. తెగిన తంతువు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. పది సెంటీమీటర్ల దూరానికి మూడు నెలలు దాటుతుంది. మొదట మోచేతి దగ్గరి కండరం, తరువాత మణికట్టు, చివరకు వేళ్ళు, బొటనవేలు కదులుతాయి. అయితే వేచి ఉండడమంటే ఊరుకోవడం కాదు. మణికట్టును ఎత్తి ఉంచే ఆధారపు పట్టీ ధరించాలి. కీళ్ళు బిగుసుకోకుండా రెండవ చేతితో రోజూ వేళ్ళను ఆడించాలి. మూడు నాలుగు వారాల తరువాత విద్యుత్ పరీక్ష చేయించవచ్చు. మూడు నుంచి ఆరు నెలలలో ఏ కదలికా లేకపోతే నరాన్ని తెరిచి చూడవలసిందే. ఏడాది, ఏడాదిన్నర గడిస్తే కండరం నరపు ఆజ్ఞను స్వీకరించే శక్తిని కోల్పోతుంది.

అప్పటికీ దారి మూసుకుపోదు. అరచేతిని కిందికి తిప్పే కండరపు కొసను మణికట్టును ఎత్తే కండరానికి కలిపి కుట్టే పద్ధతి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన సైనికుల కోసం రాబర్ట్ జోన్స్ ఇటువంటి చికిత్సలకు రూపమిచ్చాడు. నరం కోలుకోకపోయినా, ఆ చెయ్యి మళ్ళీ పనిముట్టు పట్టగలదు.